బండి సంగతులు: ఘాట్ ఎక్కితే మిస్సింగ్, దిగితే మామూలే

ప్రశ్న: నమస్తే సార్. నాది 2007 మోడల్ పెట్రోల్ సెడాన్, నాలుగు సిలిండర్లు, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మేం ఉండేది జయపురంలో, మా అత్తవారిది విజయనగరం, అందుకని కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా తరచూ వెళ్లి వస్తుంటాం. ఘాట్ దిగేటప్పుడు బండి చక్కగా వస్తుంది. తిరుగు ప్రయాణంలో సాలూరు దాటి ఎక్కుడు మొదలైందంటే చాలు, మూడో గేర్లో ఎక్సలేటర్ తొక్కగానే టక్కు టక్కుమని కొడుతుంది, వెనక లారీ హారన్ మోగిస్తుంటే టెన్షన్ అంతా ఇంతా కాదు. వాన పడిన పొద్దున్న స్టార్ట్ చేసినా కాసేపు మూడు సిలిండర్ల మీదే నడుస్తున్నట్టు వణుకుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. మిస్త్రీ ప్లగ్గులు మార్చాడు, కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉండి మళ్లీ మొదలైంది. పెట్రోల్ ఫిల్టర్ మార్చాం, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాం, తేడా లేదు. మళ్లీ ప్లగ్గులు మార్చాం, మళ్లీ కొన్నాళ్లే. మూడో ప్లగ్ తీసినప్పుడు అది కూర్చునే గుంటలో కాస్త ఆయిల్ కనిపిస్తే తుడిచి బిగించారు. ఇప్పుడు ఇంజిన్ దింపి బోరు పని, అంటే అరిగిన సిలిండర్లను లోపల సాపు చేసి రింగులు మార్చడం, చేయాలంటున్నారు. ఇంకొకాయన, ఎత్తుకు వెళ్తే గాలి పలచబడుతుంది కాబట్టి పాత బండ్లకు ఇది మామూలే అన్నాడు. మా అబ్బాయి అమ్మేయమంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఇంజిన్ దింపొద్దండీ, ఇప్పుడే వద్దు. మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించినవి మూడు: లోడు పడితేనే కొడుతోంది, తడి ఉంటే ఎక్కువవుతోంది, కొత్త ప్లగ్గులు వేస్తే కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తోంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను ముందు అనుమానించేది ప్లగ్ వైర్లనీ, వాటి చివర ప్లగ్గుకు తొడిగే రబ్బరు క్యాపులనీ. మీకైతే గుంటలో ఆయిల్ కూడా ఉంది, అనుమానం ఇంకా బలపడుతుంది.

లోడు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాది మీరే మిస్త్రీకి చెప్పగలరు. బండి స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, గాలి వెళ్లే దారిలో ఉండే మూత (థ్రాటిల్) దాదాపు మూసుకుని ఉంటుంది, సిలిండర్‌లోకి వెళ్లే గాలి తక్కువ, ఆ పలచటి గాలిలో ప్లగ్ మొనల మధ్య కరెంటు తేలిగ్గా దూకేస్తుంది. ఘాట్ ఎక్కుతూ ఎక్సలేటర్ తొక్కితే సిలిండర్ నిండా గాలి చేరుతుంది, పిస్టన్ దాన్ని గట్టిగా నొక్కుతుంది, అంత ఒత్తిడిలో కరెంటు దూకాలంటే వోల్టేజీ చాలా ఎక్కువ కావాలి. బ్యాటరీ వోల్టేజీని పెంచి ప్లగ్గులకు పంపే కాయిల్ ఇరవై, ముప్పై వేల వోల్టుల దాకా ఇవ్వగలదు, కానీ దారిలో ఎక్కడైనా రబ్బరు చిట్లి ఉంటే కరెంటు ప్లగ్ మొనదాకా వెళ్లడం మానేసి అక్కడినుంచే ఇంజిన్ బాడీకి దూకిపోతుంది, నీరు పల్లమెరుగు అన్నట్టు. అప్పుడు ఆ సిలిండర్‌లో మంట పుట్టదు. మీకు తగిలే ఆ టక్కు అదే, దీన్నే మిస్సింగ్ అంటాం. వాన పొద్దున్న తడికి ఇదే లీకు స్లోలో కూడా బయటపడుతుంది, వేడికి తడి ఆరగానే సర్దుకుంటుంది.

మరి కొత్త ప్లగ్గులు వేస్తే ఎందుకు బాగుపడింది? కొత్త ప్లగ్ మొనలు పదునుగా ఉంటాయి, గ్యాప్ సరిగ్గా ఉంటుంది, కరెంటు దూకడానికి తక్కువ వోల్టేజీ సరిపోతుంది. తెల్ల పింగాణీ కూడా శుభ్రంగా ఉంటుంది. కానీ దాన్ని తొడిగింది పాత క్యాపులోనే కదా. ఆయిల్ తగిలి తగిలి క్యాపు రబ్బరు మెత్తబడి ఉబ్బిపోతుంది, పింగాణీని గట్టిగా పట్టుకోదు, ఆ సందులో కరెంటు పాకడం మొదలుపెడుతుంది. పాకిన చోట సన్నటి నల్లగీత పడుతుంది. ఒకసారి గీత పడిందంటే కరెంటుకు అదే దారి. ఇంకో సంగతి, ఆ గీత పింగాణీ మీదే కాదు, క్యాపు లోపలి గోడమీద కూడా పడుతుంది, కాబట్టి ప్లగ్ ఒక్కటే మారిస్తే పాత క్యాపు కొత్త ప్లగ్గును పాడుచేస్తుంది, క్యాపు ఒక్కటే మారిస్తే పాత ప్లగ్ కొత్త క్యాపును పాడుచేస్తుంది. మీ బండిలో జరుగుతున్నది ఇదేనని నా గట్టి నమ్మకం. ఇంజిన్ చల్లారాక మూడో ప్లగ్ తీసి, పింగాణీని ఎండలో మెల్లగా తిప్పుతూ చూడండి. పెన్సిల్‌తో పై నుంచి కిందికి గీసినట్టు సన్నటి గీత, తుడిస్తే పోనిది, కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. క్యాపు లోపల టార్చి వేసి చూస్తే అదే చోట బూడిదరంగు మచ్చో, సూది పొడిచినంత రంధ్రమో ఉంటుంది.

అదే ప్లగ్ చేతిలో ఉండగా ఆయిల్ ఎక్కడ ఉందో కూడా చూడండి, బోరు పని మాట నిజమో కాదో సగం ఇక్కడే తేలిపోతుంది. ఆయిల్ మరక పైన, అంటే పింగాణీ మీద, నట్టు చుట్టూ ఉంటే అది పైనుంచి దిగింది, టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగో, ప్లగ్ గుంటల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లో గట్టిపడి కారుతున్నాయన్నమాట. దానికీ బోరుకూ ఏ సంబంధమూ లేదు. కింద మంట పుట్టే మొన దగ్గరే నల్లగా, జిడ్డుగా ఆయిల్ ఉంటే మాత్రం పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అయి ఉండొచ్చు, అది వేరే కథ. మొన లేత గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మొన తడిగా పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తోంది, మంట పుట్టడం లేదు. మీ మిస్త్రీ గుంటలో ఆయిల్ అన్నారు కాబట్టి మీది పైనుంచి దిగినదే అనుకుంటున్నాను. తుడిచి బిగించడం దగ్గర ఆగిపోకుండా ఆ రోజే ప్యాకింగ్ మార్చి ఉంటే ఇన్ని ప్లగ్గులు దండగ అయ్యేవి కావు.

ఇంకో పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. చీకటి పడ్డాక బండిని ఆరుబయట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ స్లోలో నడవనిచ్చి బానెట్ ఎత్తండి. ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే సీసాతో ప్లగ్ వైర్ల మీదా, కాయిల్ మీదా సన్నగా మంచులా కొట్టండి. లీకు ఉంటే నీలంరంగు మెరుపులు చిటపటమంటూ కనిపిస్తాయి, అదే క్షణంలో ఇంజిన్ వణుకుతుంది. ఎక్కడ మెరిసిందో అదే చెడిన చోటు. దగ్గరకు చేతులు పెట్టకండి, ఆల్టర్నేటర్ మీద నీళ్లు పడనీయకండి, వదులు చొక్కాలు, కండువాలు, చున్నీలు ఫ్యాన్ బెల్టు దగ్గరికి రానివ్వొద్దు.

ఏ సిలిండర్ అని తేల్చుకోకుండా ఏ పార్టూ కొనొద్దని ప్రతిసారీ రాస్తుంటాను, మళ్లీ రాస్తున్నాను. చాలాచోట్ల బండి నడుస్తుండగానే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటీ పీకి చూస్తారు. అది వద్దు. షాక్ కొడుతుంది, కరెంటుకు పోయే దారి లేక కాయిల్ దెబ్బతింటుంది, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోతుంది. దానికి బదులు ఒక్కో ఇంజెక్టర్ వైరు కనెక్టర్ తీసి చూడమనండి. బాగున్న సిలిండర్‌ది తీస్తే ఆర్పీఎం పడిపోతుంది, ఇంజిన్ ఊగుతుంది. చచ్చిన సిలిండర్‌ది తీస్తే ఏ తేడా ఉండదు, ముందే పని చేయడం లేదు కాబట్టి. అయితే మీ బండి పొడి మధ్యాహ్నం స్లోలో చక్కగా ఉంటుంది, అప్పుడు చూస్తే నాలుగూ బాగున్నట్టే అనిపిస్తుంది, మిస్త్రీ కూడా అక్కడే పొరబడి ఉంటాడు. వాన పొద్దున్న, వణుకుతున్నప్పుడే ఈ పరీక్ష చేయించండి. లేదంటే స్ప్రే కొట్టి వణుకు తెప్పించి చేయండి.

మూడోదే అని తేలితే, మూడో ప్లగ్గును రెండులో, రెండోదాన్ని మూడులో వేసి మళ్లీ చూడండి. మిస్సింగ్ రెండుకు మారితే తప్పు ప్లగ్‌ది. మారకపోతే ప్లగ్గులను వాటి చోట్లకు మార్చేసి, వైర్లను అటూ ఇటూ మార్చి చూడండి, వైరు మొత్తాన్ని మార్చాలి సుమా, కాయిల్ మీద ఏ సిలిండర్ కొనకు ఏ ప్లగ్గో అది మారకూడదు. కొనే ముందు ఉన్నవాటినే ఇలా అటూ ఇటూ మార్చి చూడటం కంటే మంచి పరీక్ష నాకు తెలియదు. ఆ కాలపు వైర్ల బండ్లలో చాలావాటికి ఒక కాయిల్ ఒకటీ నాలుగుకూ, ఇంకోటి రెండూ మూడుకూ కరెంటు ఇస్తాయి. మీ బండి కూడా ఆ రకమే అయ్యి, ఒక జంటలో రెండు సిలిండర్లూ ఒకేసారి కొడుతుంటే కాయిల్‌ని అనుమానించాలి. ఒక్క మూడే కొడుతుంటే ముందు వైరు, క్యాపు, ప్లగ్. మల్టీమీటర్ ఉంటే నాలుగు వైర్ల ఓమ్స్, అంటే కరెంటుకు ఎంత అడ్డు పడుతున్నాయో, కొలిచి పక్కపక్కన రాయండి. పొడవును బట్టి కొంచెం తేడాలు సహజం, ఒకటి మిగతావాటికంటే ఎన్నో రెట్లు చూపించినా, అసలు చూపించకపోయినా అది పోయినట్టే. కాకపోతే క్యాపు చిట్లిన వైరు మీటర్లో బాగానే ఉన్నట్టు చూపించొచ్చు, కాబట్టి మీటరు బాగుందంది అని వదిలేయకండి.

తేలాక డబ్బు ఒకేసారి పెట్టండి, విడివిడిగా వద్దు. టాపెట్ కవర్ ప్యాకింగ్, దాంతో పాటే ప్లగ్ గుంటల సీళ్లు, పూర్తి సెట్టు ప్లగ్ వైర్లు, నాలుగు కొత్త ప్లగ్గులు. గుంటల్లో ఆయిల్‌ని ప్లగ్ విప్పకముందే పూర్తిగా లాగేయాలి, లేకపోతే విప్పగానే అది సిలిండర్‌లోకి దిగుతుంది. ప్లగ్ నంబరు మాన్యువల్‌లో ఉన్నదే వేయండి, ఖరీదైన ఇరీడియం వేస్తే మిస్సింగ్ పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, చిట్లిన క్యాపు కింద ఏ ప్లగ్ అయినా ఒకటే. గ్యాప్ కూడా మాన్యువల్ ప్రకారమే, ఇలాంటి బండ్లలో ఎక్కువగా మిల్లీమీటరు, ఆ చుట్టుపక్కల ఉంటుంది, డబ్బాలోంచి తీసి నేరుగా బిగించకుండా ఫీలర్ గేజ్‌తో చూసి వేయమనండి. క్యాపు లోపల ప్లగ్గులకోసం దొరికే సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే తడి చేరదు, తర్వాత క్యాపు చిరగకుండా వస్తుంది. మామూలు గ్రీజు మాత్రం రాయనీయొద్దు, రబ్బరు పాడవుతుంది.

పెట్రోల్ వైపు ఎందుకు వెళ్లడం లేదంటారా? పెట్రోల్ సరిపోకపోతే ఎక్కుడులో బండి మందగిస్తుంది, ఎంత తొక్కినా పికప్ రాదు, నాలుగు సిలిండర్లూ కలిసి నీరసిస్తాయి. మీరు రాసింది అది కాదు, ఒక్కోసారి టక్కున కొట్టి మళ్లీ లాగుతోంది. గాలి లీకు, అంటే ఇన్‌టేక్ ప్యాకింగో, బ్రేక్ బూస్టర్ పైపో చిట్లితే స్లోలో వణికి, రేసు ఇస్తే సర్దుకుంటుంది, మీకు సరిగ్గా తిరగబడి ఉంది. ఎత్తు మాటకొస్తే, కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి కిందకంటే పదో వంతు తక్కువ, ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ తగ్గించుకుంటుంది. లాగుడు ఒక పిసరు తగ్గుతుంది, అంతే. గాలి పలచబడితే ప్లగ్ దగ్గర కరెంటు దూకడం ఇంకా తేలిక. ఎత్తే కారణమైతే ఘాట్ మధ్యలోకంటే కోరాపుట్ బజార్లో ఎక్కువ కొట్టాలి కదా.

ఇవన్నీ మార్చాక కూడా కొడితే అప్పుడు కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలూ కరెంటూ ఆపి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కూ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది, అంకెకంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం, 10, 15 శాతం మించి తేడా ఉండకూడదు. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు, పక్కపక్కనున్న రెండూ తక్కువుంటే హెడ్ (వాల్వులు ఉండే ఇంజిన్ పైభాగం) ప్యాకింగ్. బోరు పని చేయాలని చెప్పిన మిస్త్రీని ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసివ్వమనండి. అంకెలు లేకుండా ఇంజిన్ దింపడానికి ఒప్పుకోవద్దు, ఆయన ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. వాల్వు కాలిందని తేలితే కూడా హెడ్ ఒక్కటే దింపితే చాలు, బోరుకు వెళ్లక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయొద్దు. మంట పుట్టని సిలిండర్ నుంచి కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని పొగలోని విషాలను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది ఎర్రగా కాగి లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది, అప్పుడు మిస్సింగ్ ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. ఘాట్‌లో కొట్టడం మొదలైతే ఎక్సలేటర్ ఇంకా తొక్కకండి, గేరు తగ్గించి, కాలు తేలిక చేసి ఎక్కండి, లారీలను ముందుకు పోనివ్వండి. ఆగాల్సి వస్తే రోడ్డు పక్క ఎండుగడ్డి మీద ఆపొద్దు, అడుగున ఆ వేడికి గడ్డి అంటుకుంటుంది. అమ్మకం సంగతి మీ ఇష్టం, కానీ కొట్టే బండికి సగం ధర కూడా రాదు, ముందు బాగుచేయించి తర్వాత ఆలోచించండి. నన్నడిగితే లక్షా నలభై వేలు తిరిగిన మంచి పెట్రోల్ ఇంజిన్‌కి ఇంకా చాలా ఆయుష్షు ఉంది.

ప్రశ్న: మా తమ్ముడు ఆన్‌లైన్‌లో బ్లూటూత్ స్కానర్ కొన్నాడు. మా 2006 కారుకు స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంది, స్కానర్ అందులో దిగుతుంది కానీ ఫోన్‌లో కనెక్ట్ కావడం లేదు. స్కానర్ పాడా, బండి పాడా? బండి మిస్ కొడుతోంది. – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: రెండూ బాగానే ఉండొచ్చమ్మా. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా చెప్పే ఏర్పాటు) నిబంధన 2010లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో మొదలై, రెండో దశ 2013లో వచ్చింది. అంతకుముందు చాలా బండ్లలో సాకెట్ ఉన్నా, లోపలి కంప్యూటర్ కంపెనీ సొంత భాషలోనే మాట్లాడేది, ఈ చవక స్కానర్లకు అది రాదు. పర్లాకిమిడిలో దొరక్కపోతే శ్రీకాకుళంలోనో, బరంపురంలోనో పాత మోడళ్లను చదివే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని వెతకండి. స్కానర్ పనిచేసిన బండ్లలో పీ0301 నుంచి పీ0304 దాకా వచ్చే కోడ్లు ఏ సిలిండర్ మిస్ అవుతోందో చెప్తాయి, పీ0300 అంటే ఒక్క సిలిండర్ అని కాకుండా మారి మారి, లేదా ఒకటికంటే ఎక్కువ సిలిండర్లలో. అయితే ఏ సిలిండర్ అనే చెప్తుంది, ఎందుకు అని చెప్పదు. పీ0302 కనిపించగానే కాయిల్ కొనేసేవాళ్లు చాలామంది, తప్పు ఇంజెక్టర్‌దో వాల్వుదో కూడా అయి ఉండొచ్చు. స్కానర్ లేకపోయినా దిగులుపడకండి, పైన జయపురం వారికి చెప్పిన ఇంజెక్టర్ కనెక్టర్ పరీక్ష మీ బండికీ అదే జవాబు ఇస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, కారు గుణుపురంలో మా ఇంటి దగ్గరే వానాకాలమంతా కదలకుండా ఉండిపోయింది. దసరాకు వచ్చి స్టార్ట్ చేస్తే అయ్యింది గానీ దడదడలాడుతోంది. పాత బండి, 2005ది. – ఒక రిటైర్డ్ ఉద్యోగి, గుణుపురం

జవాబు: ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ధాన్యం ఉండే ఇళ్ల దగ్గర ఆగిన బండిలో ఎలుకలు అక్కడే గూడు పెడతాయి, ఇంజెక్టర్ వైర్లూ ప్లగ్ వైర్లూ కొరికేస్తాయి, ఒక్క వైరు తెగితే ఒక్క సిలిండర్ చచ్చినట్టే. వైర్లు బాగుంటే పెట్రోల్ మీద అనుమానం. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు, ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది, ఎక్కువ నీరు చేరితే విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది, పంపు లాగేది కూడా అడుగునుంచే. అందుకని పాత పెట్రోల్ మీద కొత్తది పోసి సరిపెట్టకుండా, ట్యాంకు ఖాళీ చేయించి, సీసాలో కొంచెం పట్టి చూడండి, కింద వేరే పొర కనిపిస్తే నీళ్లు దిగినట్టే. ఫిల్టర్ మార్చి, తాజా పెట్రోల్ పోసి, అరగంట నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. సీసాల్లో అమ్మే మందులు పోయొద్దు. అయితే ఇవన్నీ చేయకముందే ఒకటి చూడాలి: మీ బండి తయారైన రోజుల్లో రబ్బరు పైపులు ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ట్యాంకు దగ్గర, ఇంజిన్ దగ్గర ఉన్న పెట్రోల్ పైపులను వేళ్లతో మెల్లగా వంచి చూడండి, పగుళ్లు కనిపించినా, మెత్తగా ఉబ్బినట్టున్నా, బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన కొట్టినా మళ్లీ స్టార్ట్ చేయకండి, ఇథనాల్‌కు తట్టుకునే పైపూ కొత్త క్లిప్పులూ తెప్పించి వేయించాకే మిగతా పని.